రోగి మళ్ళీ వార్డుకు రాకుండా ఇంటి దగ్గర వైద్యసేవ: ఏజెన్సీకి అప్పగించే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ. విజయవాడలో మీ ట్రస్టుకు ఒక కంపెనీ నుంచి సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు వస్తున్నాయి. ప్రభుత్వాసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన గుండె, ఊపిరితిత్తులు, షుగరు, పక్షవాతం రోగులు నెల తిరక్కుండానే మళ్ళీ అడ్మిట్ అవుతున్నారు, వాళ్ళను ఇంటి దగ్గరే చూసే పని ఒక ఏజెన్సీకి అప్పగించాలనుకుంటున్నారు. ఏజెన్సీ వాళ్ళు విజిట్‌కు ఇంత అని కొటేషన్ ఇచ్చారు. ఒప్పుకోవచ్చా, ఎంతమంది నర్సులు కావాలి, ఫలితం ఎలా తెలుస్తుంది అన్నవి మీ సందేహాలు.

విజిట్ లెక్కన ఒప్పుకోకండి. విజిట్‌కు డబ్బు కడితే విజిట్లే వస్తాయి. బాగున్న రోగి ఇంటికి వెళ్ళి బీపీ చూసి సంతకం పెట్టించుకుని రావడానికి పావుగంట చాలు. ఆయాసపడుతున్న రోగి దగ్గర కూర్చుని, డాక్టరుతో మాట్లాడి, ఇంజెక్షన్ ఇచ్చి, మూత్రం ఎంత వచ్చిందో చూసి రావడానికి రెండు గంటలు పడుతుంది. రెండింటికీ ఒకే రేటు పెడితే నర్సు ఏ ఇంటికి వెళ్తుందో ఊహించడం కష్టం కాదు. రోగి ఆసుపత్రికి వెళ్ళేది మంగళవారం మధ్యాహ్నం విజిట్ జరగకపోవడం వల్ల కాదు. శనివారం రాత్రి పదింటికి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లోవాళ్ళకు తెలియక వెళ్తారు. మీరు ఏజెన్సీ దగ్గర కొనాల్సింది ఆ ఫోన్ ఎత్తే మనిషిని, ఎత్తాక ఇంటికి చేరే మనిషిని. మిగతావన్నీ ఈ రెంటి చుట్టూ తిరిగేవే.

ముందు ఎవరిని తీసుకోవాలో తేల్చుకోండి. జీజీహెచ్‌కి (ప్రభుత్వ సర్వజనాసుపత్రికి) వచ్చేవాళ్ళందరూ విజయవాడవాళ్ళు కారు. మైలవరం, నందిగామ, తిరువూరు నుంచే కాదు, పక్క జిల్లాల నుంచీ వస్తారు. గుంటూరు జీజీహెచ్‌లో అయితే పల్నాడు, బాపట్ల, ప్రకాశం వాళ్ళు వార్డు నిండా ఉంటారు. నర్సు బండి మీద ముప్పావుగంటలో చేరలేని ఇల్లు మీ పరిధిలోది కాదు. వాళ్ళ కాగితాలు ఆ ఊరి పీహెచ్‌సీకి, అక్కడి ఎంఎల్‌హెచ్‌పీకి (ఊరి క్లినిక్‌లో ఉండే ఆరోగ్య సిబ్బందికి) పంపే ఏర్పాటు వేరుగా రాసుకోండి. పరిధిని కిలోమీటర్లలో కాకుండా వార్డు సచివాలయాల జాబితాగా రాయండి. కిలోమీటర్లు అని రాస్తే కృష్ణలంక కూడా, గుణదల కొండ మీది ఇల్లు కూడా కాగితం మీద ఒకే దూరంలో కనిపిస్తాయి. వన్‌టౌన్, చిట్టినగర్, విద్యాధరపురం, గుణదల కొండ ఇళ్ళకు బండి కిందే ఆగుతుంది, మెట్లెక్కాలి. స్ట్రెచర్ ఎక్కదు. ఆ ఇళ్ళకు ఒక్కో విజిట్‌కు పదిహేను నిమిషాలు అదనంగా వేసుకోండి. రోగిని కిందికి దింపడానికి వీధిలో ఎవరు సాయం వస్తారో మొదటి విజిట్‌లోనే పేర్లు, నంబర్లు రాసుకోమనండి.

జబ్బుల్లో ఇంటి దగ్గర నిజంగా ఆపగలిగేవి కొన్నే. గుండె బలహీనపడి నీరు చేరడం, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఆయాసం ముదరడం, షుగరు బాగా పడిపోవడం లేదా పెరగడం, మూత్రపు గొట్టం మూసుకుపోవడం, మంచాన పడ్డవాళ్ళకు పుండ్లు, గొట్టం ద్వారా తినేవాళ్ళకు తిండి ఊపిరితిత్తుల్లోకి పోవడం, వేసవిలో నీళ్ళు తగ్గడం. ఛాతీ నొప్పి, కొత్తగా మూతి వంకర పోవడం, స్పృహ తప్పడం, తలకు దెబ్బ, ఆగని రక్తస్రావం వీటిలో లేవు. అవి నేరుగా 108. ఈ రెండు జాబితాలూ కాంట్రాక్టుకు అనుబంధంగా ఉండాలి. లేకపోతే అడ్మిషన్ తగ్గించాలన్న ఊపులో ఛాతీ నొప్పి మనిషికి ఇంట్లో గ్యాస్ మాత్ర ఇచ్చే రోజు వస్తుంది.

ఎంపికకు లేస్ అనే స్కోరు వాడవచ్చు. ఆసుపత్రిలో ఎన్ని రోజులున్నారు, అత్యవసరంగా వచ్చారా, ఇతర జబ్బులు ఎన్ని, గత ఆరు నెలల్లో ఎమర్జెన్సీకి ఎన్నిసార్లు వచ్చారు అన్న నాలుగింటిని కూడుతుంది. 10 లేదా అంతకు మించితే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. దాంతోపాటు వార్డు సిస్టర్‌ని ఒక ప్రశ్న అడగండి: ఈ మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరు? మన దగ్గర చాలా అడ్మిషన్లకు జబ్బు సగమే కారణం. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, అపార్టుమెంటులో డెబ్బై ఏళ్ళ భార్య డెబ్బై అయిదేళ్ళ భర్తను ఎత్తలేదు. అలాంటివాళ్ళ కోసం బడ్జెట్‌లో అయిదారు రోజుల ఆయా ఖర్చు కొంత పెట్టుకోండి. నర్సు చేయలేని పని అది, అయినా ఎన్నో అడ్మిషన్లను అదే ఆపుతుంది.

మంచాన పడ్డవాళ్ళను వెతకడానికి తేలిక దారి వార్డు సచివాలయం. ఎన్టీఆర్ భరోసా కింద పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఒకటో తారీఖున ఇంటికి వెళ్ళి ఇచ్చే సిబ్బందికి ఆ ఇళ్ళన్నీ తెలుసు. అర్హత ఉండీ పింఛను లేనివాళ్ళకు దరఖాస్తు పెట్టించడం కోఆర్డినేటర్ పనుల్లో రాయండి.

ఇక మనుషుల లెక్క. వారానికి 12 మంది కొత్త రోగులను తీసుకుని, ఒక్కొక్కరిని సగటున 12 వారాలు చూస్తే ఏ రోజున చూసినా 144 మంది చేతిలో ఉంటారు. 150 అనుకోండి. ఇందులో 30 మంది ఎరుపు గుర్తువాళ్ళు (ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళు), వారానికి రెండేసి విజిట్లు, 60. పసుపు 50 మంది, వారానికి ఒకటి, 50. ఆకుపచ్చ 70 మంది, నెలకు ఒకటి, వారానికి దాదాపు 17. కొత్తవాళ్ళకు మొదటి వారం రెండేసి, 24. హఠాత్తుగా పిలిచేవి 15. మొత్తం వారానికి 166. నర్సు రోజుకు ఆరు ఇళ్ళు, ఆరు రోజులకు 36 అని కాగితం మీద వస్తుంది కానీ రికార్డులు, శిక్షణ, సెలవులు పోను 30 దాటదు. అంటే ఆరుగురు, సెలవులకు ఇంకొకరు, ఏడుగురు. ఏజెన్సీ రోజుకు పది విజిట్లు అంటే ఆ నర్సు రోగి ఇంట్లో మందుల సంచీ విప్పి చూడదని అర్థం.

ఫోన్ సీటు వేరే లెక్క. వారానికి 168 గంటలు, మనిషికి 48 గంటలు, మూడున్నర మంది. సెలవులు కలిపితే నాలుగున్నర. నలుగురు నర్సులను పెట్టి, సెలవులకు పగటి నర్సులను తిప్పుకోవచ్చు. అంత డబ్బు లేకపోతే పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా సీటు నడిపి, ఆ తర్వాత కాల్ డ్యూటీ డాక్టరు మొబైల్‌కే నేరుగా వెళ్ళేలా పెట్టండి. కాల్‌సెంటర్ పిల్లలకు మాత్రం ఇవ్వొద్దు. ఆ ఫోన్‌లో జరిగేది ఇలా ఉంటుంది:

“మేడం, నాన్నకి సాయంత్రం నుంచి ఆయాసంగా ఉందండి.”

“పేరు చెప్పండమ్మా... మాట మధ్యలో ఆగకుండా చెప్పగలుగుతున్నారా? వెల్లకిలా పడుకున్నారా, కూర్చునే ఉన్నారా? పొద్దున బరువెంత వచ్చింది, నిన్నెంత? గోళ్ళు, పెదాలు నీలంగా ఏమైనా ఉన్నాయా? పొద్దున నీటి మాత్ర వేశారా?”

అయిదు ప్రశ్నల్లో తేలిపోతుంది. మాట పూర్తి చేయలేకపోతే, పెదాలు నీలంగా ఉంటే 108. కూర్చుంటేనే ఊపిరాడుతోంది, బరువు పెరిగింది, మాట బాగానే ఉంది అంటే డాక్టరు వెంటనే ఫోన్‌లోకి రావాలి, నర్సు రెండు గంటల్లోపు ఇంటికి చేరాలి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంటి దగ్గర అందించే ఇలాంటి అత్యవసర సేవకు పెట్టుకున్న గడువు కూడా రెండు గంటలే. విజయవాడ ట్రాఫిక్‌లోనూ అది సాధ్యమే, రాత్రి డ్యూటీ నర్సుకు తోడుగా ఒక డ్రైవరు ఉంటే. ఏడు దాటాక ఆడ నర్సును ఒంటరిగా పంపకూడదని కాంట్రాక్టులోనే రాయండి. లేకపోతే ఖర్చు తగ్గించుకునేటప్పుడు మొదట పోయేది ఆ తోడే.

డాక్టర్ల విషయానికి వస్తే పూర్తికాలం ఎంబీబీఎస్ ఒకరు, సగం రోజు జనరల్ మెడిసిన్ ఎండీ ఒకరు, ఒక ఫిజియోథెరపిస్టు, ఇద్దరు కోఆర్డినేటర్లు సరిపోతారు. ఆ ఇద్దరిలో ఒకరు రోజూ ఉదయం రౌండ్ల సమయానికి వార్డులోనే ఉండాలి. ఇది లేకుండా మొదలుపెట్టిన సేవలన్నిటికీ ఒకే జబ్బు: రోగి ఇంటికి వెళ్ళిన నాలుగో రోజున రిఫరల్ కాగితం అందుతుంది, అప్పటికే రోగి ఎమర్జెన్సీలో ఉంటాడు.

ఖర్చు ఉజ్జాయింపుగా వేసి చూపిస్తాను, మీ జీతాల ప్రకారం మార్చుకోండి. పగటి నర్సులు ఏడుగురు, తలా 25,000 చొప్పున 1.75 లక్షలు. ఫోన్ నర్సులు నలుగురు, లక్ష. డాక్టరు 80,000, సగం రోజు ఎండీ 60,000, ఫిజియో 25,000, కోఆర్డినేటర్లు 36,000. మొత్తం 4.76 లక్షలు. పీఎఫ్ వగైరాలకు 60,000. పెట్రోలు 18,000, కాటన్, గొట్టాలు, ఇంజెక్షన్లు 60,000, రక్త పరీక్షలు 40,000, ఆఫీసు, ఫోన్లు, పరికరాలు, రాత్రి బండి కలిపి 40,000. నెలకు దాదాపు 7 లక్షలు. 150 మందికి పంచితే రోగికి నెలకు 4,650 చిల్లర. ఆయా ఖర్చు దీని పైన. మీకు ఎవరైనా రోగికి 1,500 అని కొటేషన్ ఇస్తే రాత్రిళ్ళు తీసేశారనో, డాక్టరు పేరు కాగితం మీదే ఉందనో అనుకోవాలి.

చెల్లింపు ఇలా పెట్టండి: 70 శాతం నెలనెలా స్థిరంగా, మనుషులు నిజంగా డ్యూటీలో ఉన్నందుకు. 30 శాతం నాలుగు పనులకు: డిశ్చార్జి అయిన 48 గంటల్లో మొదటి విజిట్, మందుల సరిపోలిక (ఇంట్లో ఉన్నవీ డాక్టరు రాసినవీ పోల్చి చూడటం) పూర్తి, అత్యవసర పిలుపుకు రెండు గంటల్లో చేరడం, 12 వారాల తర్వాత యూపీహెచ్‌సీకి (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) సరైన అప్పగింత. ఒక్కోదానికి 85 శాతం దాటితే పూర్తి సొమ్ము, 70 నుంచి 85 మధ్య సగం, దాని కింద సున్నా. గడియారం ఎప్పుడు మొదలవుతుందో స్పష్టంగా రాయండి. రోగి వార్డు దాటిన సమయం నుంచా, రిఫరల్ అందిన సమయం నుంచా? రెండూ నమోదు చేయించండి. రోగి వెళ్ళాక రిఫరల్ ఆలస్యంగా అందితే తప్పు వార్డుది, అందాక విజిట్ ఆలస్యమైతే ఏజెన్సీది. ఒకే గడియారం పెడితే ప్రతి నెలా మీటింగులో వాళ్ళ మీద వీళ్ళు, వీళ్ళ మీద వాళ్ళు.

అడ్మిషన్లు తగ్గినందుకు బోనస్ ఇవ్వకండి. వినడానికి బాగుంటుంది, దాతలకూ నచ్చుతుంది. ఆచరణలో మాత్రం ఆసుపత్రికి పంపాల్సిన మనిషిని ఇంకో రోజు ఆపి చూద్దామనే ఆశ పుట్టిస్తుంది. పైగా అడ్మిషన్లు వాటంతట అవే తగ్గుతాయి. ఈ విషయం కింద వివరిస్తాను.

డబ్బు ఆలస్యం కావడం అన్నిటికంటే పెద్ద ముప్పు. రెండు నెలలు బిల్లు ఆగితే ఏజెన్సీ జీతాలు ఆపుతుంది, మంచి నర్సు మూడో నెలలో హైదరాబాదుకో గల్ఫుకో వెళ్ళిపోతుంది. బ్యాంకు గ్యారంటీ తీసుకుని రెండు నెలల అడ్వాన్సు ఇవ్వండి, బిల్లు వచ్చిన 15 రోజుల్లో చెల్లిస్తామని మీరూ రాసివ్వండి. సీఎస్‌ఆర్ సొమ్ము అంటున్నారు కాబట్టి ట్రస్టుకు సీఎస్‌ఆర్-1 నమోదు (ఆ సొమ్ము తీసుకునే సంస్థలకు ఉండాల్సినది) ఉందో లేదో ముందే చూసుకోండి. కంపెనీల చట్టం కింద కొనసాగే ప్రాజెక్టుకు మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ళ గడువు ఉంది. కాబట్టి కంపెనీ బోర్డు తీర్మానంలో ‘కొనసాగే ప్రాజెక్టు’ అనే మాట పడేలా చూసుకోండి. ఏడాదికేడాది మంజూరు అంటే నర్సులకు మీరు ఇచ్చేది పదకొండు నెలల ఉద్యోగమే.

టెండరులో అందరికంటే తక్కువ కోట్ చేసినవాళ్ళకే అన్న పద్ధతి ఈ పనికి పనికిరాదు. సాంకేతిక మార్కులకు ఎక్కువ బరువు ఇవ్వండి, ఆ మార్కులను ఫైళ్ళు చూసి కాక పరీక్షించి వేయండి. ముగ్గురు ఊహారోగుల వివరాలు ఇచ్చి, మొదటి వారం ఏం చేస్తారో నర్సు చేత రాయించండి, మేనేజరు చేత కాదు. వాళ్ళు ఇప్పటికే నడుపుతున్న సేవ నంబరుకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి చూడండి. అనుభవ ధ్రువపత్రాల చాంతాడు కంటే ఆ ఒక్క ఫోన్ ఎక్కువ చెబుతుంది.

మొదటి విజిట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం ఫలితం అక్కడే ఉంది. గంట పడుతుంది. అందులో ముప్పావువంతు మందుల కవరు మీదే. ఇంట్లో ఉన్న మందులన్నీ, గూట్లోవి, ఫ్రిజ్‌లోవి, దేవుడి అలమరలోవి, ఒక దుప్పటి మీద కుమ్మరించమని అడగాలి. దాదాపు ప్రతి ఇంట్లో కనిపించేది ఒకటే: పాత డాక్టరు రాసిన టెల్మా ఒక పక్క, కొత్తగా ఆసుపత్రిలో రాసిన టెల్మికైండ్ ఇంకో పక్క. రెండూ టెల్మిసార్టన్ అనే బీపీ మందే, రోగి రెండూ వేసుకుంటున్నాడు. లాసిక్స్, డైటార్ కలిపి వేసుకునేవాళ్ళూ ఉంటారు, రెండూ నీటి మాత్రలే, ఒంట్లో చేరిన నీరు తీసేవి. షాపులో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చేసరికి పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. అలాంటి ముక్కలు పక్కన పెట్టించాలి. డిశ్చార్జి సమ్మరీ ఫోటో తీసి డాక్టరుకు పంపి, ఏది ఉంచాలో ఏది ఆపాలో ఆయన చెప్పాక, ఆపినవి ఇంట్లోంచి తీసేయాలి. ‘వేరుగా పెట్టండి’ అంటే పది రోజుల్లో మళ్ళీ కలిసిపోతాయి. చదువురాని ఇంట్లో పొద్దున మాత్రలకు సూర్యుడు, రాత్రి మాత్రలకు చంద్రుడు గీసిన కవర్లు చాలు.

గుండె రోగి ఇంట్లో బరువు చూసే మిషన్ ట్రస్టు ఖర్చుతో పెట్టండి. నర్సు సంచీలో తెచ్చే మిషన్ పనికిరాదు. అదే మిషన్, అదే గచ్చు, పొద్దున మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కు ముందు. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. గోడ క్యాలెండర్‌లో తేదీ గడిలోనే బరువు రాసుకోమంటే రాస్తారు, వేరే పుస్తకం ఇస్తే రెండో వారానికి కనిపించదు. ఉప్పు తగ్గించండి అని చెబితే కూరలో తగ్గిస్తారు, ఆవకాయ, గోంగూర పచ్చడి, వడియాలు లెక్కలోకి రావు. పేరు పెట్టి చెప్పాలి.

ఇంకొకటి, మన ప్రాంతంలో గుండె రోగులకు గండం సెలైన్ బాటిల్. నీరసంగా ఉందంటే వీధి ఆర్‌ఎంపీ ఒక బాటిల్ ఎక్కిస్తాడు, తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు. ఇంట్లో అతికించే కార్డు మీద పెద్ద అక్షరాలతో ‘మమ్మల్ని అడగకుండా సెలైన్ ఎక్కించవద్దు’ అని రాయించండి. ఆర్‌ఎంపీలను తిట్టడం వల్ల లాభం లేదు. రాత్రి పదింటికి పిలిస్తే వచ్చేది వాళ్ళే, ఇంట్లోవాళ్ళు వాళ్ళను వదలరు. వాళ్ళకూ మీ నంబరు ఇచ్చి, ముందు మాకు ఫోన్ చేయండి అని చెప్పించడం మేలు. ఆ కార్డు మీదే ప్రమాద సూచనలు, ఫోన్ నంబరు ఉండాలి. నర్సు లేచే ముందు ఇంట్లోవాళ్ళ ఫోన్ నుంచే ఒకసారి ఆ నంబరుకు చేయించాలి. నంబరు ఫోన్‌లో ఎక్కుతుంది, ఎత్తే గొంతు పరిచయమవుతుంది.

డోసు మార్చే అధికారం నర్సుకు లేదు. ఎండీ ముందే సంతకం చేసిన ప్రోటోకాల్ ఉండాలి, ప్రతి మార్పుకూ డ్యూటీ డాక్టరు ఫోన్‌లో చెప్పినట్టు రికార్డులో పడాలి. నీటి మాత్ర పెంచితే మరుసటి రోజు బరువు, బీపీ చూడాలి, వారంలోపు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టే చోట రోగి గుండె జబ్బుతో కాక కిడ్నీ దెబ్బతిని మళ్ళీ వార్డుకు వస్తాడు. మేలో ఇది మరీ ఎక్కువ. రోహిణి కార్తెలో విరేచనాలో వాంతులో పట్టుకుని, తిండీ నీళ్ళూ తగ్గిన రోజుల్లో కూడా నీటి మాత్ర, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ పోతే నాలుగు రోజుల్లో కిడ్నీలు మొరాయిస్తాయి. అలాంటి రోజు ఫోన్ చేయండి, ఏవి ఆపాలో చెబుతాం అన్న మాట ఏప్రిల్‌లోనే ప్రతి ఇంటికీ చేరాలి.

సీఓపీడీ వాళ్ళకు ఆక్సిజన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. ఆక్సిమీటరు 90 చూపిస్తే ఇంట్లోవాళ్ళు కంగారుపడి ఆక్సిజన్ మిషన్ (కాన్‌సెంట్రేటర్) అయిదుకు తిప్పుతారు, రోగి మత్తుగా అయిపోతాడు. మిషన్ గుబ్బ మీద 2 అంకె దగ్గర టేపు అంటించి రండి. కాన్‌సెంట్రేటర్ దాదాపు 350 వాట్లు లాగుతుంది, ఇంటి ఇన్వర్టరు ఎక్కువసేపు మోయదు. పక్కన బి టైపు సిలిండరు ఒకటి ఉంచితే నిమిషానికి రెండు లీటర్ల చొప్పున దాదాపు 12 గంటలు వస్తుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు కరెంటు లేదు, బండి పోదు. ఆ లోతట్టు వీధుల్లో ఆక్సిజన్, ఇన్సులిన్, డయాలసిస్ రోగుల జాబితా జూన్‌లోనే వేరుగా తీసి ఉంచాలి, ఏ బంధువు ఇంటికి ముందుగా పంపాలో కూడా రాసుకోవాలి. గుంటూరులో ఎవరైనా ఇదే పని మొదలుపెడితే మిర్చి సీజన్‌ను లెక్కలోకి తీసుకోండి. యార్డులో, కోల్డ్ స్టోరేజీల దగ్గర పనిచేసే ఉబ్బస రోగులకు ఆ నెలల్లో విజిట్లు పెంచాలి.

షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళు, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్ష. ఇది అందరికీ నేర్పుతారు. నేర్పనిది ఏమిటంటే, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకునే పెద్దవాళ్ళకు, అందులోనూ కిడ్నీ బాగా లేనివాళ్ళకు, లేచి కూర్చున్నాక కూడా కొన్ని గంటలకు మళ్ళీ పడిపోతుంది. వీళ్ళను ఇంట్లో ఆపకూడదు, అడ్మిట్ చేయాల్సిందే. మూత్రపు గొట్టం లేటెక్స్‌ది అయితే నాలుగు వారాలు దాటనివ్వకండి, సిలికాన్‌ది 12 వారాల దాకా ఉంటుంది. మార్చిన తేదీ మూత్రపు సంచీ మీదే మార్కరుతో రాయాలి. రాత్రి నర్సు సంచీలో 14, 16 సైజు గొట్టాలు రెండూ, జెల్లీ, 10 మి.లీ. సిరంజి తప్పనిసరి. గొట్టం మూసుకుపోయి అర్ధరాత్రి ఆటోలో ఎమర్జెన్సీకి వెళ్ళే ప్రయాణాలన్నీ ఈ ఒక్క సంచీతో ఆగుతాయి. వాడిన సూదులు తెల్ల డబ్బాలో, గొట్టాలు ఎర్ర సంచీలో, రక్తం అంటిన దూది పసుపు సంచీలో వెనక్కి తేవాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల కింద దీనికి ఏజెన్సీదే బాధ్యత అని రాయండి, రోగి ఇంటి చెత్తబుట్టలో వేయకూడదు.

పక్షవాతం రోగుల విషయంలో ఆశ కాస్త తగ్గించుకోండి. ఇంట్లోవాళ్ళకు వ్యాయామాలు నేర్పి వాళ్ళతోనే చేయించే పద్ధతిని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది మీద పరీక్షించారు, అటెండ్ అనే అధ్యయనం అది, 2017లో వెలువడింది. ఆరు నెలలకు మరణాల్లో గానీ పరాధీనతలో గానీ తేడా రాలేదు. వీళ్ళకు మీరు ఖచ్చితంగా ఆపగలిగేవి పుండ్లు, తిండి పొలమారి వచ్చే న్యుమోనియా. గాలి పరుపు, రెండు గంటలకోసారి పక్క మార్చడం, తినిపించేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉంచడం మీద డబ్బు పెట్టండి. కేన్సర్ చివరి దశ వాళ్ళను తీసుకుంటే మార్ఫిన్ ఇవ్వగల గుర్తింపు ఉన్న ఆసుపత్రితో ఒప్పందం ముందే ఉండాలి. 2014లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం సవరించాక ఇది తేలికైంది. నర్సులు పంచాయతీల ద్వారా ఇంటికి వెళ్ళి ఈ పని చేయడం ఎలా ఉంటుందో చూడాలంటే కేరళ వెళ్ళి రండి, అక్కడ 2008 నుంచి దీనికి రాష్ట్ర విధానమే ఉంది.

ఫలితం కొలవడం దగ్గర చాలామంది మొదటికే మోసం తెచ్చుకుంటారు. చేరకముందు ఆరు నెలలు, చేరిన తర్వాత ఆరు నెలలు పోల్చి సగానికి తగ్గాయి అని రిపోర్టు వేస్తారు. మనం ఎంచుకున్నదే జబ్బు శిఖరంలో ఉన్నప్పుడు. ఏమీ చేయకపోయినా ఆ తర్వాత కొంత తగ్గుతుంది. అమెరికాలో కామ్‌డెన్ అనే ఊళ్ళో ఇలాంటి సేవకు దేశమంతా పేరొచ్చింది. తర్వాత 800 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి చూశారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం 180 రోజుల్లో మళ్ళీ అడ్మిట్ అయినవాళ్ళు సేవ అందినవారిలో 62.3 శాతం, అందనివారిలో 61.7 శాతం. ముందూ తర్వాతా మాత్రమే పోలిస్తే 38 శాతం పాయింట్లు తగ్గినట్టు కనిపించింది. ఇంగ్లండులో ఎవర్‌కేర్ పేరుతో నర్సులను పెట్టి చేసిన ప్రయోగంలోనూ అత్యవసర అడ్మిషన్లు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదని 2007లో తేలింది.

కాబట్టి మీ పరిధిలోని సచివాలయాలను రెండు భాగాలు చేసి, చీటీలు తీసి ఒక భాగంలో ముందు, ఇంకో భాగంలో ఆరు నెలల తర్వాత మొదలుపెట్టండి. ఎలాగూ ఒకేసారి అంతటా మొదలుపెట్టలేరు. రెండు వైపుల రోగులకూ 30వ రోజున, 90వ రోజున ఫోన్ చేసి ఎక్కడెక్కడ ఎన్ని రోజులు అడ్మిట్ అయ్యారో అడగండి. జీజీహెచ్ రికార్డు మాత్రమే చూస్తే సూర్యారావుపేట ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవాళ్ళు ‘అడ్మిట్ కానివాళ్ళు’గా లెక్కలోకి వస్తారు. 30 శాతం 20కి తగ్గిందని నమ్మకంగా చెప్పాలంటే రెండు వైపులా కనీసం 300 మంది చొప్పున కావాలి, వందమందితో ఆ మాట చెప్పలేరు. అడ్మిషన్ల సంఖ్యతో పాటు మంచం మీద గడిపిన రోజులు, ఇంటి సొమ్ము ఎంత ఖర్చయింది, ఇంట్లో జరిగిన మరణాలు లెక్కించండి. ప్రతి మరణాన్నీ ఏజెన్సీకి సంబంధం లేని డాక్టరు చేత సమీక్షించాలి. ఆసుపత్రికి ఇంత డబ్బు ఆదా అయింది అని మాత్రం దాతలకు చెప్పకండి. ఖాళీ అయిన మంచం సాయంత్రానికి నిండుతుంది.

12 వారాల తర్వాత రోగిని వదలడం అందరికీ కష్టమే, నర్సుకూ ఇంటివాళ్ళకూ. వదలకపోతే నాలుగో నెలకల్లా జాబితా నిండిపోయి కొత్తవాళ్ళకు 48 గంటల విజిట్ పడదు, అసలు పని అక్కడే ఆగుతుంది. నెల మందులు యూపీహెచ్‌సీలో అందుతున్నాయని నిర్ధారించుకుని, ఏఎన్ఎంతో కలిసి ఒక ఉమ్మడి విజిట్ చేసి అప్పగించాలి. ఫోన్ నంబరు మాత్రం ఇంకో మూడు నెలలు వాళ్ళకు పనిచేయనివ్వండి, పెద్దగా ఖర్చుండదు.

పుండ్ల ఫోటోలు, సమ్మరీలు నర్సుల సొంత వాట్సాప్ గ్రూపుల్లో తిరగకుండా సంస్థ ఫోన్లు ఇప్పించండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది కాబట్టి తెలుగులో రాసిన సమ్మతి పత్రం మీద సంతకం కావాలి. అమెరికాలో ఉన్న కొడుకు అడిగినా, రోగికి తెలివి ఉన్నంతకాలం ఎవరికి వివరాలు చెప్పాలో రోగే చెప్పాలి. కాంట్రాక్టు ముగింపుకు 90 రోజుల నోటీసు, రికార్డులన్నీ మీకే చెందుతాయన్న షరతు పెట్టండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని టెండరు కాదు. జీజీహెచ్ సూపరింటెండెంటు అనుమతి, అది బోధనాసుపత్రి కాబట్టి డీఎంఈ (వైద్య విద్య సంచాలకుడి) దగ్గర్నుంచి అవసరమైన ఉత్తర్వు, యూపీహెచ్‌సీల కోసం డీఎంహెచ్‌ఓతో (జిల్లా వైద్యాధికారితో) రాతపూర్వక ఒప్పందం. ఈ మూడు కాగితాలూ చేతికి రాకుండా ఏజెన్సీతో సంతకం పెడితే ఏడుగురు నర్సులకు మూడు నెలలు కూర్చోబెట్టి జీతాలివ్వాల్సి వస్తుంది. అవి వచ్చాక మొదటి నెల 30 మందితో, అదీ జూలై, ఆగస్టుల్లో మొదలుపెట్టండి. మేలో మొదలుపెడితే కొత్త జట్టు ఎండ కేసులకే సరిపోతుంది.